రెండు బీడీల సేపు

మంగంపేటలో ఉండే అమ్మకు, కొడుకు రబ్బానీ సలాం చేసి రాసుకునేది. ఈడ నాయన, నేను, బర్రె, దాని దూడ, నలుగురమూ బాగుండాము. ఆడ నువ్వు, మెహనాజ్ అక్క, అక్రమ్ బావ, ఇంకా పేరు కుదరని ఆ చిన్నోడు చల్లగా ఉండాలని కోరుకుంటాండాను.

నీ జాబు అందింది. "ఫోన్లో అయితే అరుస్తావు, కాగితం మీద ఎట్ల అరుస్తావో చూస్తా, జాబు రాయి" అని అక్కతో రాయించినావు. సరే, రాస్తాండా. అక్కా, ఇది అమ్మకు చదివి వినిపించేటప్పుడు మధ్యలో నీ సొంత మాటలు కలపొద్దు. ఉన్నది ఉన్నట్టు చదువు. నేను తిట్లు తిన్న చోట్లు వస్తాయి, ఆడ నవ్వొద్దు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నాయన బీపీ మాత్ర పొద్దున మరిచిపోకుండా వేసుకుంటాండాడు. సాయంత్రంది మరిచిపోతాండాడని కడవ మూత మీద పెడుతున్నా. నీళ్లు తాగాలంటే మాత్ర తీయాల్సిందే. తిండి సంగతి: ఆయన సంగటి కెలుకుతాడు, నేను పప్పు చేస్తా. రెండూ బాగుండవు కాబట్టి ఒకరినొకరు ఏమీ అనుకోము. బర్రె ఈనింది, పెయ్యదూడ. డిగ్రీలో మిగిలిపోయిన ఆ ఒక్క పేపరుకు ఫీజు కట్టినాను. ఇవి నాలుగు. ఎవరితోనన్నా తగవు పెట్టుకున్నావా అని అయిదోది అడిగినావు చూడు, దానికి కొంచెం ఆగు.

ఆడ మైన్లో బ్లాస్టింగు జరిగినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు మోగుతాయి, చిన్నోడు మాత్రం కన్ను తెరవడు అని రాయించినావు. అంత నెమ్మదితనం మన వంశంలో లేదు. బావ వైపు నుంచే వచ్చుండాలి. దాన్ని కాపాడుకోండి.

ఇంక ఊరి సంగతి. కాలువ కట్ట తెగబోయింది. భయపడొద్దు, ముందే చెప్తాండా: తెగలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. లింగన్న మామ ఉద్యోగమూ పోలేదు. ఈ మూడు మాటలు మనసులో పెట్టుకోని మిగతాది విను.

నీకు తెలిసిందే అయినా బావకు అర్థం కావాలని మొదటి నుంచి రాస్తా. కె.సి. కాలువ నుంచి మన ఊరికి వచ్చే పిల్లకాలువకు రెండు షట్టర్లు ఉండాయి. ఎగువ షట్టరు తిప్పేది లింగన్న మామ. ఒకటిన్నర కిలోమీటరు దిగువన ఉండే షట్టరు తిప్పేది యేసుప్రసాదన్న. ఇద్దరివీ ఏడాదికొకసారి పొడిగించే కాంట్రాక్టు లస్కరు ఉద్యోగాలు. వారంలో నాలుగు రోజులు నీళ్లు దిగువ ఊర్లకు పోతాయి, మూడు రోజులు మన చేన్లకు. శుక్రవారం పొద్దున మన వంతు మొదలు. అప్పుడు యేసుప్రసాదన్న దిగువ షట్టరు దించి నీళ్లు ఆపుతాడు, లింగన్న మామ ఎగువ షట్టరు ఇంకొంచెం ఎత్తి నీళ్లు పెంచుతాడు.

అయితే మామ వెంటనే ఎత్తడు. దిగువ నుంచి "దించినా" అని ఫోన్ వచ్చినాక షట్టరు పక్కనుండే రాతికట్ట మీద కూర్చుంటాడు. ఒక బీడీ ముట్టిస్తాడు. అది అయినాక ఇంకొకటి. అదీ అయినాక లేచి, తల మీద రుమాలు సర్దుకోని, అప్పుడు హ్యాండిలు పట్టుకుంటాడు. పావుగంట. ప్రతి శుక్రవారమూ ఇంతే.

"ఎందుకు మామా ఆగడం?" అని అడిగినా ఒకనాడు.

"మా నాయన ఆగినాడు. నేను ఆగుతాండా."

ఈ జవాబు వింటే నాకు ఎట్లుంటాదో నీకు తెలుసు. వారానికి పావుగంట, పంటకాలం ఇరవై వారాలు, మొత్తం అయిదు గంటల నీళ్లు బీడీ పొగలో పోతాండాయని లెక్క కట్టినా. బడి దగ్గర రైతులను కూడగట్టి మాట్లాడినా. తాతల కాలం నుంచి వచ్చిందని మనం దేన్నీ ప్రశ్నించకపోతే మన వంతు ఎప్పటికీ మనది కాదన్నా. చప్పట్లు కొట్టినారు. రెండు షట్టర్లూ ఒకే నిమిషంలో తిరగాలని తీర్మానం అయింది. మామ వెనక వరసలో నిలబడి ఒకటే మాట అన్నాడు: "నీ ఇష్టమప్పా. చదువుకున్నోనివి."

ఈ నెల మూడో శుక్రవారం ఎగువ షట్టరు దగ్గర నేనే నిలబడినా. యేసుప్రసాదన్నను ఫోన్లో ఉంచి, స్పీకరు పెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టినా. ఆడ అన్న దించినాడు, ఈడ మామ ఎత్తినాడు. మన ఊర్లో న్యాయం గడియారం ప్రకారం మొదలైందని నా ఛాతీ ఉబ్బిపోయింది.

అయిదు నిమిషాలకు హులిగెమ్మవ్వ ఫోన్ చేసింది. మాటలు లేవు, అరుపులే. ఆమె చేను రెండు షట్టర్లకు నడుమ, కొంచెం దిగువ వైపు ఉంటాది కదా. ఆడ బర్రెలు దిగి దిగి కట్ట అణిగిపోయి ఉండాది. నీళ్లు కట్ట మీద నుంచి దొర్లి, ఆమె పీకి ఆరబెట్టుకున్న ఉల్లిగడ్డల్లోకి పడినాయి. మేము పోయేసరికి కట్టను బెత్తెడు మేర కోసేసినాయి. ఇసుక సంచులు వేసినాము, మట్టి వేసినాము, నాయన తన పైగుడ్డ తీసి బొక్కలో కుక్కినాడు. యేసుప్రసాదన్న షట్టరు మళ్లీ ఎత్తినాడు. కట్ట నిలిచింది. ఇంకొక పావుగంట అయింటే గండి పడేది. పడింటే ఆమె చేనే కాదు, కింద ఉండే మాలపల్లె ఇండ్లలోకి నీళ్లు.

ఇది ఎందుకు జరిగిందని ఊర్లో మాటలు మొదలైనాయి. తన బీడీలు మాన్పించినారని లింగన్న మామ అలిగి, షట్టరు మీద ఉండే ఎత్తు గుర్తు దాటించి ఎత్తినాడని కొందరు అన్నారు.

మరుసటి రోజు నేను హులిగెమ్మవ్వ దగ్గరికి పోయినా. ఆమె తడిసిన గడ్డలు ఏరుకుంటాండాది. నీళ్లు యాడ నుంచి ఎట్ల వచ్చినాయో చెప్పమన్నా.

"రెండు దిక్కుల నుంచీ వచ్చినాయి రా. పైనుంచి ఒక ఉబ్బు, కింద నుంచి ఒక ఉబ్బు. నా చేను ముందర పొట్టేళ్ల మాదిరి తగులుకున్నాయి."

"కింద నుంచి ఎట్లొస్తాదవ్వా? నీళ్లు ఎగువకు పోతాయా?"

"నువ్వు పుస్తకం చూసినోనివి, నేను కాలువ చూసినదాన్ని. అడిగినావు, చెప్పినా. నమ్మకపోతే పో." కాసేపు గడ్డలు ఏరి మళ్లీ ఆమే అన్నది: "పొట్టేళ్లు అయితే ఢీకొట్టుకోని ఆగుతాయి. ఇవి ఆగలేదు. ఒకదాంట్లోకి ఒకటి దూరి, దాటుకోని, దేని దోవన అది పోయినాయి. కలిసినప్పుడే ఆ ఎత్తు. తర్వాత మళ్లీ మామూలు ఉబ్బులే."

అమ్మా, నాకు కాళ్ల కింద మట్టి కదిలినట్టు అయింది. ఈ మాట నేను చదివినా. కర్నూలులో పాత బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్న పది రూపాయల పుస్తకం, అలల గురించి. ఇంటికి పోయి తీసినా. రెండు అలలు ఒకచోట కలిస్తే ఆ చోట వాటి ఎత్తులు కూడుకుంటాయి, దాటిపోయినాక దేని రూపం దానికే ఉంటాది అని రాసుండాది. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టింది నేనే. పక్కన 'ఐక్యత!' అని రాసుకున్నది నేనే. నాకు కావలసింది దాంట్లో వెతుక్కున్నా గానీ అది ఏం చెప్తాందో చదవలేదు.

ఆదివారం యేసుప్రసాదన్న కాళ్లావేళ్లా పడినా. "నీ పుణ్యాన నా ఉద్యోగం కూడా ఊడుతాదేమప్పా" అంటానే ఒప్పుకున్నాడు. అవ్వ చేను ముందర కాలువలో కర్రలు నాటి బెత్తెడుకొక సుద్ద గుర్తు పెట్టినా. అన్న దిగువ షట్టరు ఒక్కటే చకచకా దించినాడు. చూడు అమ్మా, నీళ్లు ఉబ్బి, ఆ ఉబ్బు నిజంగానే ఎగువకు నడిచి వచ్చింది. నేను కట్ట మీద దాని పక్కనే నడిచినా. నీళ్ల మీద ఒక కానుగాకు దిగువకు కొట్టుకపోతాంది, దాని కింద నుంచి ఉబ్బు ఎగువకు పోతాంది. నీళ్లు ఒక దిక్కు, అల ఒక దిక్కు. కర్ర దగ్గర లెక్క చూస్తే జానెడు. ఎగువ షట్టరు ఎత్తినప్పుడు వచ్చే ఉబ్బు కూడా జానెడే ఉంటాదని అవ్వ ఏండ్ల తరబడి చూసిన లెక్క. ఆ చోట నీళ్ల మీద కట్ట మిగిలుండేది జానెడున్నర. ఒక ఉబ్బు వస్తే కట్టకు ఏమీ కాదు. రెండూ ఒకేసారి వస్తే దాటిపోతాది. ఇద్దరు లస్కర్లలో ఎవరిదీ తప్పు లేదు.

ఇంకొకటి జరిగింది. ఆ ఉబ్బు పోయి ఎగువ షట్టరుకు తగిలి వెనక్కి తిరిగింది. అంతలో అన్న షట్టరు మళ్లీ ఎత్తితే ఈసారి నీళ్లల్లో పల్లం పుట్టి ఎగువకు బయలుదేరింది. రెండూ నా కర్ర దగ్గర కలిసినాయి. ఉబ్బు పల్లంలో పూడుకపోయి నీళ్లు చదునుగా అద్దం మాదిరి నిలిచినాయి, అసలు ఏమీ రానట్టే. కన్ను మూసి తెరిచేలోగా రెండూ మళ్లీ తేలి దేని దోవన అది పోయినాయి. నేను కట్ట మీద ఒక్కన్నే పిచ్చోని మాదిరి గంతులేసినా. ఇంటికొచ్చి పుస్తకంలో ఆ వాక్యం నాయనకు చూపిస్తే, దాన్ని తీసుకోని తన దిండు కింద పెట్టుకున్నాడు.

బీడీల సంగతి కూడా అప్పుడే తెలిసింది. దిగువ ఉబ్బు ఎగువ షట్టరు దాకా రావడానికి పావుగంట పడుతుంది. అంటే రెండు బీడీలు. అప్పుడు మామ షట్టరు ఎత్తితే రెండు ఉబ్బులూ కలిసేది రాతికట్ట దగ్గర. ఆడ గోడలు ఎత్తు, పక్కనే పాతకాలపు మరవ ఉండాది, ఎక్కువైన నీళ్లు దాని మీద నుంచి వంకలోకి పడిపోతాయి. వాళ్ల నాయనకు ఎందుకో తెలుసో లేదో. ఎంతసేపో మాత్రం తెలుసు. నేను పోగొట్టింది ఆ పావుగంటను.

ఇప్పుడు నీ అయిదో ప్రశ్న. పైన 'కొందరు అన్నారు' అని రాసినా చూడు. ఆ కొందరూ నేనే.

కట్టకు సంచులు వేసి, బురద కాళ్లతోనే ఎగువ షట్టరు దగ్గరికి పరిగెత్తినా. మామ రాతికట్ట మీద కూర్చోని ఉండాడు. ఆయన భార్య గురమ్మత్త అప్పుడే సద్ది తెచ్చింది. "నీళ్ల దొంగా, కడుపు చల్లబడిందా?" అని అరిచినా. ఆయన లేచి ఏదో చెప్పబోయినాడు. నేను ఆయన తల మీద రుమాలు పీకి కాలువలోకి విసిరేసినా. అత్త ముందర. అంతటితో ఆగలేదు. నలభై రెండు మందితో సంతకాలు, వేలిముద్రలు వేయించుకోని, ఆ మధ్యాహ్నమే కర్నూలు బస్సెక్కి, ఈ లస్కరును తీసేయమని ఆఫీసులో అర్జీ ఇచ్చి వచ్చినా. హులిగెమ్మవ్వ దగ్గరికి పోయింది కూడా ఆయన మీద సాక్ష్యం రాయించుకోవడానికే.

నువ్వు అన్నా అని పిలిచే మనిషిని, అమ్మా. మీ నిఖాకు పందిరి గుంజలు నాటిన మనిషిని.

మంగళవారం విచారణకు ఇంజనీరు వస్తాదని కబురొచ్చింది. సోమవారమంతా నేను మంచం దిగలేదు. నీ జాబు వచ్చింది ఆ సోమవారమే. అయిదో ప్రశ్న దగ్గర ఆగిపోయి దుప్పటి కప్పుకున్నా. నాయన వచ్చి నా కాళ్ల దగ్గర నిలబడినాడు.

"అర్జీ ఇయ్యను పోయేటప్పుడు ఈ కాళ్లు బాగా పరిగెత్తినాయే. ఇప్పుడు నొప్పులా?"

"రేపు చెప్తాలే నాయనా, అందరి ముందర."

"అందరి ముందర చెప్పడం నీకు అలవాటే. ఆయన ముందర చెప్పు పో."

పోయినా. గురమ్మత్త వాకిట్లో బియ్యం ఏరుకుంటాంది. తల ఎత్తకుండానే, "ఈ ఇంట్లో దొంగలుండారు నాయనా, నీ అట్లాంటి మంచోళ్లు రాకూడదు" అనింది. మామ లోపల ఉండాడో లేడో తెలియదు. నేను తిరిగొచ్చినా. ఆ మాట కంటే రెండు దెబ్బలు వేసుంటే బాగుండు.

మంగళవారం ఇంజనీరు మేడమ్ వచ్చింది. నాకంటే మూడు నాలుగేండ్లు పెద్దది ఉంటాది, అంతే. షట్టరు పక్కన కుర్చీ వేసినారు. సంతకాలు పెట్టినోళ్లంతా చుట్టూ చేరినారు. మామ దూరంగా, రుమాలు లేని తలతో నిలబడినాడు. మేడమ్ అర్జీ మొత్తం గట్టిగా చదివింది. నా మాటలు ఆమె నోట వింటే నాకే వెగటు పుట్టింది.

"ఎవరు రాసింది ఇది?"

"నేనే మేడమ్. రాసింది తప్పు. గుర్తు ఎవరూ దాటించలేదు. రెండు షట్టర్లు ఒకేసారి తిప్పించింది నేను. కట్ట దాటింది అందుకే."

జనంలో గోల లేచింది. "మాతో వేలిముద్రలు వేయించుకోని ఇప్పుడు తప్పంటావా?" "పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట, వీడేం నాయకుడప్పా!" అన్నీ పడినా. ఈసారి నోరెత్తలేదు, నమ్ము. కర్రల లెక్క, ఉబ్బుల లెక్క మొత్తం చెప్పినా. హులిగెమ్మవ్వ ముందుకొచ్చి పొట్టేళ్ల మాట మళ్లీ చెప్పింది. మేడమ్ కళ్లు పెద్దవి చేసింది. "నాలుగేండ్లు చదివి పరీక్షలో రాసినాను అవ్వా, కళ్లతో చూడలేదు" అనింది. యేసుప్రసాదన్నతో దిగువ షట్టరు దింపించి, తాను కట్ట మీద నిలబడి ఫోన్లో టైము చూసుకుంది. ఉబ్బు రాతికట్టకు తగిలేసరికి పద్నాలుగు నిమిషాలు.

రిజిస్టరు తీసి రాసింది: ముందు దిగువ షట్టరు దించవలెను. పావుగంట ఆగి ఎగువ షట్టరు ఎత్తవలెను. చదివి వినిపించి, "ఇక మీదట ఇట్ల చేయాలి పెద్దాయనా" అనింది.

మామ తల గోక్కున్నాడు. "ముప్పై ఏండ్ల సంది చేస్తాండేది అదే కదమ్మా."

జనమంతా నవ్వినారు. నేనూ నవ్వబోయి ఆగినా. మేడమ్ అర్జీ మడుస్తా, "మీ తలపాగా లాగేసినారని కూడా ఆఫీసులో మాట వచ్చింది. ఎవరు?" అని అడిగింది. పోలీసు కేసు పెట్టే విషయం ఇది, డ్యూటీలో ఉండే మనిషి మీద చేయి చేసుకోవడం.

"ఎవరూ లాగలేదమ్మా. గాలికి పడింది" అన్నాడు మామ.

"గాలి కాదు మేడమ్, నేనే..."

"నోరు మూస్తావా లేదా రా!" ముప్పై ఏండ్లలో ఆయన అట్ల అరిచింది ఎవరూ వినలేదంట. "నిజం చెప్పే జబ్బు పట్టుకుంది వీనికి. మొన్న లేనిది చెప్పి నా మీద పడె, ఇప్పుడు ఉన్నది చెప్పి వీని మీద వీడే పడుతుండాడు. వీళ్లమ్మ నా చెల్లెలమ్మా. ఊర్లో లేదు. వచ్చినాక ఆమె చూసుకుంటాది. నువ్వు రాసుకో, గాలి."

ఆమె నా వైపు చూసింది, ఒక్క ఆకు కూడా కదలని చెట్టు వైపు చూసింది, పెన్ను మూత పెట్టేసింది.

జీపు పోయినాక నేను ఆయన కాళ్ల మీద పడబోతే భుజం పట్టుకోని ఆపినాడు. "కాళ్లు వద్దు. శుక్రవారం పొద్దున చేతులు పట్టుకోని రా" అన్నాడు.

నిన్న శుక్రవారం. పోయినా. దిగువ నుంచి ఫోన్ వచ్చింది. మామ బీడీ తీసినాడు గానీ ముట్టించకుండా చెవి మీద పెట్టుకున్నాడు, నా ఫోన్లో టైము చూడమన్నాడు. పావుగంట మేమిద్దరమూ రాతికట్ట మీద కూర్చున్నాము. ఆ పావుగంట ఎంత పొడుగో అంతవరకూ నాకు తెలియదు అమ్మా, లెక్కల్లో అది శానా చిన్నగా ఉండె. అయినాక హ్యాండిలు నా చేతికిచ్చి "తిప్పు" అన్నాడు. డెబ్బై చుట్లు. ఇరవై చుట్లకే అరచేతులు పొంగినాయి. ఆయనకు అరవై దాటినాయి, ఇన్నేండ్లూ ఒక్కడే తిప్పినాడు, నేను మాత్రం ఆయన కూర్చునే నిమిషాలు లెక్కబెట్టినా. రెండు ఉబ్బులూ రాతికట్ట దగ్గర కలిసి, గోడకు సగం లేచి, మరవ మీద నుంచి తెల్లగా వంకలోకి దొర్లినాయి. అవ్వకు ఫోన్ చేస్తే, "ఏమీ రాలేదు రా. నీళ్లు కట్టకు అంత కింద పోతాండాయి. ఇంక నన్ను పని చేసుకోనీ" అని పెట్టేసింది. తడిసిన ఆమె గడ్డలు మన మిద్దె మీద ఆరబెట్టినాము, నేనూ నాయనా. ముప్పాతిక భాగం నిలిచినాయి. అణిగిన కట్టకు మట్టి పోసే పని కూడా నేనే ఒప్పుకున్నా.

గుండె మీద నుంచి బండ దించినట్టు ఉండాది. పూర్తిగా కాదులే. గురమ్మత్త ఇంకా నాతో మాట్లాడలేదు. నా తరపున నువ్వు ఆమెకు ఫోన్ చేయొద్దు, అమ్మా. మెహనాజ్ అక్కతో కూడా చేయించొద్దు. అది నా పని.

నిన్న షట్టరు తిప్పినాక మామ, అత్త కట్టిచ్చిన సద్ది మూట విప్పినాడు. ఎప్పుడూ రెండు రొట్టెలే ఉంటాయి. నిన్న నాలుగు ఉండాయి, మధ్యలో ఉల్లిగడ్డ కారం. ఆయన మూట వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, రెండు నా దిక్కు జరిపినాడు. చేతులు మండుతాంటే ఆ కారంతోనే రెండూ తిన్నా.

ఇట్లు,
నీ చేతి దెబ్బలకు బాకీ పడి ఎదురుచూస్తాండే
నీ కొడుకు,
రబ్బానీ